పాములు పెంచేది ఎవరు? కుండలో పాము, గాజుపెట్టెలో పాము



ఈ మధ్య గ్రూపులో తమ్ముళ్లు కొన్ని వీడియోలు పెట్టారు. సిటీలో ఒక ఫ్లాట్, గోడ పొడవునా ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో పాము. తెల్లది, పసుపుది, చాక్లెట్ రంగుది. కుర్రాడు ఒకదాన్ని మెడలో వేసుకుని నవ్వుతున్నాడు. కింద ఒక చెల్లెలు అడిగిన ప్రశ్నే ఈ పోస్టుకి కారణం: "మన యానాది తాత నాగుపాముని పట్టి కుండలో పెడితే ఫారెస్టోళ్లు కేసు పెడతారు. వీళ్లకి పెట్టరా?"

చిన్నగా జవాబు చెప్పాలంటే, పెట్టరు. ఆ పాము మన దేశపుది కాదు, కాగితాలు ఉంటే చాలు. కానీ ఈ జవాబు వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మనలాంటి వాళ్లు చాలాసార్లు కనిపిస్తారు, పేర్లు మాత్రం తక్కువ కనిపిస్తాయి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ డబ్బాల్లో పాము సంగతి. ఎక్కువగా కనిపించేది బాల్ పైథాన్. భయమేస్తే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికా కొండచిలువ. ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో ఎలుక బొరియల్లో ఉంటుంది. బెనిన్‌లో విదా అనే ఊళ్లో ఈ పాములకి గుడే ఉంది. మన పుట్టల దగ్గర పాలు పోసినట్టే, అక్కడ పాముని చంపకూడదు, ఇంట్లోకి వస్తే మెల్లగా పట్టుకుని గుడికి చేర్చాలి. అదే దేశం నుంచి, పక్క దేశాల నుంచి 1970ల తర్వాత లక్షల్లో ఈ పాములు అమెరికాకి, యూరప్‌కి పెట్టెల్లో వెళ్లాయి. పట్టేది ఎవరు? పల్లె రైతులు, వేటగాళ్లు. బొరియ తవ్వి గుడ్లతో ఉన్న తల్లిని, గుడ్లని బయటికి తీసి వ్యాపారికి ఇస్తారు. వ్యాపారి వాటిని పొదిగించి పిల్లల్ని ఎగుమతి చేస్తాడు. ఏ బొరియలో పాము ఉందో కనిపెట్టే పని ఊరోళ్లది, లాభం ఓడరేవు దాటాక.

అసలు డబ్బు రంగుల దగ్గర మొదలైంది. కార్న్ స్నేక్ అని అమెరికాలో ఒక విషం లేని పాము ఉంది. 1960ల మొదట్లో అక్కడి చర్మవ్యాధుల డాక్టర్ బెర్నార్డ్ బెక్టెల్, నల్ల రంగు లేకుండా పుట్టే పాము ఆ గుణాన్ని పిల్లలకి ఎలా ఇస్తుందో ఇంట్లో పెంచి చూశాడు. ఇంటర్ బైపీసీ వాళ్లకి తెలిసిన మెండెల్ బఠాణీ లెక్కే: దాగి ఉన్న గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిస్తేనే బయటపడుతుంది. 1992లో బాబ్ క్లార్క్ అనే పెంపకందారు తెల్ల బాల్ పైథాన్‌ని తన దగ్గరే పుట్టించాడు. అక్కడి నుంచి రంగుకో పేరు, పేరుకో రేటు.

పెంపకం ఎలా జరుగుతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అదేం మంత్రం కాదు. రాత్రి వేడి కాస్త తగ్గించి చలికాలం వచ్చినట్టు చేస్తే జత కడతాయి. ఆడది సుమారు ఆరు గుడ్లు పెడుతుంది, వాటి చుట్టూ చుట్టుకుని కూర్చుంటుంది. పెంచేవాళ్లు గుడ్లు తీసి 31, 32 డిగ్రీల వేడిలో తేమగా ఉంచుతారు. కోడిగుడ్డు తిప్పినట్టు తిప్పకూడదు, తిప్పితే లోపల పిల్ల చచ్చిపోవచ్చు. రెండు నెలలకి కాస్త అటూ ఇటుగా పిల్ల ముక్కు మీది చిన్న పంటితో పెంకు చీల్చుకుని తల బయట పెడుతుంది. రంగుల పిచ్చిలో పాముకి నష్టం కూడా జరిగింది. "స్పైడర్" అని పిలిచే రకం చూడటానికి బాగుంటుంది కానీ పుట్టుకతోనే తల ఊగుతుంది, నిలకడ ఉండదు. అది తెలిసి కూడా అమ్మారు. మాకైతే ఇది నచ్చలేదు, చెప్పాలి కాబట్టి చెప్తున్నాం.

ఇక మన వైపు. తమిళనాడు ఉత్తర జిల్లాల్లో ఇరుళ వాళ్లు ఉన్నారు. మనలో చాలామందికి వాళ్లు జై భీమ్ సినిమాతో తెలిసారు. గుర్తుందా, ఊరి పెద్ద ఇంట్లో పాము దూరిందని ఇరుళ కుర్రాణ్ణి పిలుస్తారు. పాము పడతాడు. తర్వాత ఆ ఇంట్లో నగలు పోతే అదే కుర్రాడి మీద దొంగతనం మోపుతారు. పని ఉన్నప్పుడు రమ్మని పిలుపు, పని అయ్యాక అనుమానం. సినిమా కాబట్టి కొన్ని గంటల్లో చూపించారు, మన పల్లెల్లో అది తరాల కథ.

అరవైల్లో, డెబ్బైల మొదట్లో ఇరుళ వాళ్ల జీవనం పాము చర్మం. వాళ్లు పట్టి ఇస్తే తోళ్ల కంపెనీలు శుద్ధి చేసి విదేశాలకి పంపేవి, అక్కడ చెప్పులు, హ్యాండ్‌బ్యాగులు అయ్యేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాము చర్మం ఎగుమతి ఆపేశారు. పాములకి అది మంచిదే, మేం కాదనం. కానీ తోళ్ల వ్యాపారి ఇంకో సరుకు చూసుకున్నాడు. ఇరుళ మనిషి చేతిలో ఉన్న ఒకే ఒక్క విద్య ఒక్క కాగితంతో నేరం అయిపోయింది. అడవి హక్కుల గురించి మనం మాట్లాడుకునే ప్రతి మీటింగులో ఈ 1976 గుర్తుండాలి.

అప్పుడు మద్రాసు స్నేక్ పార్క్ పెట్టిన రోములస్ విటేకర్, ఇరుళ పెద్దలు కలిసి ఒక దారి చూశారు. పాముని చంపకుండా విషం మాత్రం తీస్తే? పాముకాటు మందుకి ఆ విషమే కావాలి. 1978లో ఇరుళ పాములు పట్టేవాళ్ల పారిశ్రామిక సహకార సంఘం రిజిస్టర్ అయింది. విషం తీసే పని 1982 ప్రాంతంలో మొదలైంది. చెన్నై నుంచి మహాబలిపురం పోయే సముద్రపు రోడ్డులో, వడనెమ్మేలి దగ్గర, మొసళ్ల బ్యాంకు ఆవరణలోనే ఉంది. లా చదువుతున్నవాళ్లు ఇది రాసుకోండి: 1972 చట్టంలోనే 12వ సెక్షన్ ప్రాణరక్షక మందుల కోసం పాము విషం సేకరించడానికి ప్రత్యేక అనుమతి ఇవ్వొచ్చు అంటుంది. అంటే దారి చట్టంలోనే ఉంది, అడిగేవాళ్లు సంఘంగా ఉండాలి.

వాళ్లు పాముల్ని ఉంచే పద్ధతి చూస్తే మనకి వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే అది మన ఇళ్లలో ఉన్న సామానే. మట్టికుండ. అడుగున ఇసుక. మూతి మీద గాలి ఆడేలా గుడ్డ కప్పి తాడుతో బిగిస్తారు. కుండకి మామూలుగా రెండు పాములు. మట్టికుండ లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది, పుట్టలో ఉన్నట్టే. ఆ ఫ్లాట్ కుర్రాడు థర్మోస్టాట్, హీటింగ్ టేపు, హ్యూమిడిటీ మీటర్ కొనుక్కుని సాధించేది కూడా అదే కదా!

నాలుగు రకాల పాములే పడతారు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మన దేశంలో ఎక్కువ మందిని చంపేవి ఇవే. నాగుపాము కోసం వరి గట్ల మీది ఎలుక బొరియలు చూస్తారు. రక్తపింజరి కోసం ముళ్ల కంచెలు, చిన్న పింజరి కోసం రాళ్ల నేల. బొరియ మూతి దగ్గర మట్టి నునుపు చూసి, రెట్ట చూసి, కుబుసం ముక్క చూసి లోపల ఏముందో చెప్పేస్తారు. చేతిలో ఉండేది చిన్న గడ్డపార. పట్టిన పాముని మూడు నాలుగు వారాలు ఉంచుతారు, ఆ లోపు నాలుగుసార్లు విషం తీస్తారు. గాజు పాత్ర మూతికి బిగించిన పొర మీద కరిపిస్తే చుక్కలు లోపల పడతాయి. దాన్ని గడ్డకట్టించి ఎండబెట్టి పొడి చేస్తారు. తర్వాత పొట్ట మీది పొలుసు కొంచెం కత్తిరించి గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. మళ్లీ అదే పాము దొరికితే గుర్తు చూసి వదిలేయడానికి.

ఆ పొడి మందుల కంపెనీలకి వెళ్తుంది, మన హైదరాబాద్‌లోనూ పాముకాటు మందు చేసే కంపెనీ ఉంది. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి వాటి రక్తం నుంచి మందు తీస్తారు. దేశంలో తయారయ్యే పాముకాటు మందుకి వాడే విషంలో పెద్ద భాగం ఇన్నేళ్లూ ఈ ఒక్క సంఘం నుంచే వచ్చింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది, ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ చావులు ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్ర కూడా ఉంది. చనిపోయేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. పొలంలో, నేల మీద పడుకునే ఇంట్లో, పీహెచ్‌సీకి దూరంగా ఉన్నవాళ్లు.

ఇప్పుడు ఈ రెండు కథలూ కలిసే చోటుకి వద్దాం. అది అమెరికాలో ఫ్లోరిడా.

బర్మా కొండచిలువని అక్కడ పెంపుడు పాముగా అమ్మేవాళ్లు. పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది. కొన్నేళ్లకి మూడు, నాలుగు మీటర్లు. కోళ్లు, కుందేళ్లు తింటుంది. భయపడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవిలో వదిలేశారు. 1992లో వచ్చిన ఆండ్రూ తుఫానుకి పెంపక కేంద్రాలు కూలి కొన్ని తప్పించుకున్నాయని కూడా చెప్తారు. అక్కడ వాటికి పెద్దగా శత్రువులు లేరు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం పాములు పెరిగిన చోట రకూన్ అనే జంతువు కనిపించడం 99 శాతం తగ్గిపోయింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం బర్మా కొండచిలువ దిగుమతిని నిషేధించింది. అప్పటికే ఆలస్యమైంది.

2017 జనవరిలో వాళ్లు ఎవర్ని పిలిచారో తెలుసా? ఇరుళ పెద్దలు మాసి సదయన్, వడివేల్ గోపాల్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం, అక్కడి వన్యప్రాణి శాఖ కలిసి రప్పించారు. మొదటి రెండు వారాల లోపే 13 కొండచిలువలు పట్టారు. అందులో ఒకటి 16 అడుగుల ఆడది, కీ లార్గో దీవిలో పాత మిస్సైల్ స్థావరం దగ్గర దొరికింది. కుక్కలతో, యంత్రాలతో వెతికిన దేశం అది. వీళ్లు గడ్డి ఒరిగిన తీరు, రెట్ట, పాకిన జాడ చూసి వెతికారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో అనుమానంగా చూసే విద్యకి ఢిల్లీలో పతకం!

మరి చెల్లెలు అడిగిన కేసు సంగతి. 1972 చట్టం మన దేశపు పాములని చూసింది, విదేశీ పాముల పెంపకం మీద చాలాకాలం స్పష్టమైన పద్ధతి లేదు. దొంగ దారిలో వచ్చినవి కూడా ఇళ్లలో పెరిగాయి. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక అవకాశం ఇచ్చింది: ఆరు నెలల్లో మీ దగ్గరున్న విదేశీ జంతువులని మీరే చెప్పండి, కాగితాలు అడగం. 2022లో చట్టం సవరించి, 2024లో నిబంధనలు పెట్టి, బాల్ పైథాన్ లాంటివి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయాలన్నారు. పిల్లలు పుడితే అదీ చెప్పాలి. రిజిస్ట్రేషన్ మంచి పనే. మా ప్రశ్న ఒక్కటే: ఆరు నెలల గడువు, కాగితాలు అడగని మర్యాద, 1976లో ఇరుళ వాళ్లకి ఎవరైనా ఇచ్చారా?

ఇప్పుడు కొత్త సమస్య వస్తోంది. అడవి నుంచి పట్టి, విషం తీసి, వదిలేసే పద్ధతి మంచిది కాదని, జబ్బుల్లేకుండా లోపలే పెంచి పుట్టించిన పాముల నుంచి విషం తీయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్తున్నాయి. బ్రెజిల్‌లో సావోపావ్లో నగరంలోని బుటాంటన్ సంస్థ 1901 నుంచి ఈ రంగంలో ఉంది, అక్కడ పాముల్ని లోపలే పెంచుతారు. ఇంకోటి, ఒకే రకం పాము విషం ఊరు మారితే మారుతుందని బెంగళూరు ఐఐఎస్సీ పరిశోధకులు చూపిస్తున్నారు. తమిళనాడు విషంతో చేసిన మందు అన్ని రాష్ట్రాల్లో ఒకేలా పని చేయకపోవచ్చు. రెండూ సరైన మాటలే. అంటే రేపు రాష్ట్రానికో పాముల కేంద్రం రావొచ్చు. ఆంధ్రలోనూ రావొచ్చు. అందులో పాముల బాధ్యత ఎవరికి ఇస్తారు? ఎమ్మెస్సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి ఉద్యోగం, మనోళ్లకి కుండలు కడిగే పని అయితే 1976 ఇంకోసారి జరిగినట్టే.

ఎందుకంటే ఆంధ్రలో ఆ విద్య ఉన్నవాళ్లు ఉన్నారు. నెల్లూరు, తిరుపతి వైపు యానాదులు. ఎలుక బొరియకి కుండతో పొగ పెట్టడం, బొరియ చదవడం, కాటుకి ఆకులు వాడటం గురించి వందేళ్ల కిందట థర్‌స్టన్ లాంటి తెల్లదొరలు కూడా రాశారు. శ్రీహరికోట దీవి వాళ్ల సొంత ఊరు, రాకెట్ కేంద్రం వచ్చాక బయటికి రావాల్సి వచ్చింది. వాళ్లకి ఇరుళ వాళ్ల లాంటి సంఘం ఇప్పటికీ ఏర్పడలేదు. ఏర్పడాలంటే ముందు మన దగ్గర రాసిపెట్టింది ఏదైనా ఉండాలి.

కాబట్టి గ్రూపులో యానాది, చెంచు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఒక పని. ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దోళ్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేయండి: పాములకి మీ ఇంటి పేర్లు, ఏ నెలలో ఏ పాము ఎక్కడ ఉంటుంది, గుడ్లు ఎప్పుడు కనిపిస్తాయి, ఏది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది. వాళ్లు చెప్పిన మాటల్లోనే రాయండి, దిద్దకండి. పాముని మాత్రం ఎవరూ పట్టొద్దు, వీడియో కోసం అసలు వద్దు. కాటు పడితే ముందు ఆసుపత్రి, ఆకు సంగతి తర్వాత. రాసినవి కింద కామెంట్లలో పెట్టండి, ఊరి పేరు, మండలం పేరు మర్చిపోకండి.