అర్-రాజీ అడగక విడిచిన ప్రశ్న

అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్-రాజీ ప్రసక్తి వచ్చిన ప్రతిచోటా మాంసపు ముక్కల కథ వినవస్తుంది. బాగ్దాదులో ఆస్పత్రికి స్థలం నిర్ణయించవలసి వచ్చినప్పుడు ఆయన వేర్వేరు పేటలలో మాంసఖండాలను వేలాడదీయించి, ఎక్కడిది ఆలస్యంగా కుళ్ళిందో అక్కడ కట్టించమన్నాడట. కథ ముచ్చటైనదే. కాని ఆ కథలోని అజుదీ ఆస్పత్రి క్రీ.శ. 982లో వెలసింది, రాజీ మరణించి అప్పటికి అర్ధ శతాబ్ది అయింది. ఈ పొసగనితనాన్ని పదమూడవ శతాబ్దంలోనే ఇబ్ను అబీ ఉసైబిఅ గుర్తించాడు. రాజీ కీర్తికి ఇటువంటి ఊతకర్రలు అక్కరలేదు. రోగులను గురించి ఆయన వ్రాసుకొన్న చిత్తు కాగితాలే చాలు.

ఇరానులోని రయ్ ఆయన జన్మస్థలం. అక్కడి ఆస్పత్రికీ, తరువాత బాగ్దాదు ఆస్పత్రికీ పెద్ద హకీముగా ఉన్నాడు. ఆయన కొలువులో శిష్యులు వలయాలుగా కూర్చునేవారని ఇబ్ను నదీమ్ వ్రాశాడు. వచ్చిన రోగిని మొదట వెలుపలి వలయంవారు పరీక్షించేవారు. వారికి అంతు చిక్కకపోతే లోపలి వలయంవారు. వారికీ తెలియకపోతే రాజీ స్వయంగా నోరు విప్పేవాడు. ఆయన మరణానంతరం ఆ కాగితాలను ఇబ్నుల్ అమీద్ అనే మంత్రి రాజీ సోదరి వద్ద ధనమిచ్చి కొని, శిష్యులచేత కూర్పించాడు. అదే ‘అల్-హావీ’. 1279లో ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు విద్వాంసుడు దానిని లాటినులోనికి అనువదించాడు. 1486లో అది ఇటలీలోని బ్రేషియాలో అచ్చయింది. అరబ్బీ మూలం అచ్చుకావడానికి మాత్రం ఇరవయ్యవ శతాబ్దం రావలసివచ్చింది. ఆ భారం వహించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1955లో మొదలుపెట్టి 23 సంపుటాలుగా వెలువరించింది.

మశూచినీ, తట్టునూ విడదీసి చెప్పిన ఆయన గ్రంథం సుప్రసిద్ధం. నడుమునొప్పి మశూచిలో హెచ్చనీ, వికారమూ ఆందోళనా తట్టులో హెచ్చనీ ఆయన గుర్తించాడు. 1980లో మశూచి లోకంనుండి తొలగిపోయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది గనుక దానిని గురించి ఇక్కడ విస్తరించనక్కరలేదు. మెదడు పొరలకు వాపు వచ్చే సర్సాం విషయంలో ఆయన చేసినది మరింత విచిత్రం. వ్యాధి సూచనలు కనిపించినవారిలో ఒక జట్టుకు రక్తం తీయించి, మరొక జట్టుకు కావాలనే తీయించక, ఫలితాన్ని పోల్చి చూచాడు. రక్తమోక్షణం ఈ వ్యాధికి చికిత్స కాదని నేడు మనకు తెలుసు. అయినా పోల్చి చూడాలన్న ఊహ విలువ తగ్గదు.

ఇక అబ్దుల్లా బిన్ సవాదా వృత్తాంతం. ఇతనికి జ్వరాలు కలగాపులగంగా వచ్చేవి. ఒకసారి ప్రతిదినం, ఒకసారి మూడవనాడు, ఒకసారి నాలుగవనాడు, ఒకసారి ఆరు దినాలకు. ముందు కొద్దిపాటి వణుకు. మాటిమాటికీ మూత్రం. వణుకుతో విడిచి విడిచి వచ్చే జ్వరాన్ని చూచిన ఏ వైద్యునికైనా మొదట చలిజ్వరమే తోస్తుంది. రాజీ మాత్రం రెండు దారులూ తెరచి ఉంచాడు: ఇవి నాలుగోనాటి జ్వరంగానైనా స్థిరపడతాయి, లేదా మూత్రపిండంలో చీముగడ్డ ఉంది. కొద్దికాలానికే మూత్రంలో చీము పడింది. ఇక జ్వరాలు తిరిగి రావని ఆయన రోగికి చెప్పాడు, రాలేదు.

మరొకరైతే ఇక్కడ కలం ఆపి, తన జోస్యం ఫలించిందని సంతోషించేవారు. రాజీ తనకు మొదటే నిశ్చయం ఎందుకు కుదరలేదో వ్రాయసాగాడు. రోగికి పూర్వం చలిజ్వరాలు ఉండేవి; ఆ ఎరుకే చూపును పక్కకు లాగింది. తండ్రికి మూత్రాశయ దౌర్బల్యం ఉండేదన్న సంగతి తెలియదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. లేచి నిలబడినప్పుడు నడుములో ఏదో బరువు వ్రేలాడుతున్నట్లు ఉంటుందని రోగి చెప్పలేదు, తానూ అడగలేదు. ఆ అడగకపోవడాన్ని ఆయన రోగిమీదికి నెట్టక తన ఉపేక్షగానే వ్రాసుకొన్నాడు. ఎవరూ నిలదీయని చోట, తన కాగితంమీద, తనకోసం!

చీము పడిన తరువాత మూత్రం జారీ అయ్యే మందులిచ్చి, అది తేటపడేదాకా కొనసాగించాడు. అటుపైన ముద్రవేసిన మన్ను, కుందురు సాంబ్రాణి, ‘దమ్ముల్ అఖవైన్’ అనే ఎర్రని బంక ఇచ్చాడు. ఈ మందులలో నేటి వైద్యుడు చీముగడ్డకు వాడదగినది ఏదీ లేదు. గడ్డ తనంతట పగిలి దారి చూచుకోవడమే రోగిని కాపాడి ఉంటుంది. సుమారు రెండు నెలలకు ఇబ్ను సవాదా పూర్తిగా కోలుకొన్నాడు.