చాంబర్‌లో తూటాతో పిస్తోలు ధారణ

ఆత్మరక్షణ కొరకు పిస్తోలును వెంట ఉంచుకొనేవారు దాని చాంబర్‌లో ముందుగానే తూటాను నింపి ఉంచవలెనా, లేక ఖాళీగా ఉంచవలెనా అన్నది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలాకాలంగా చర్చలో ఉన్న విషయం. తుపాకీ గొట్టం వెనుక కొనలో తూటా ఇమిడే భాగాన్ని చాంబర్ అంటారు. పిడిలో ఉండే మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలున్నా, వాటిలో ఒకటి చాంబర్‌లోకి చేరేవరకు పిస్తోలు పేలదు. అలా చేర్చడానికి పైభాగంలోని స్లైడ్‌ను వెనుకకు లాగి వదలాలి. ఇందుకు సాధారణంగా రెండు చేతులూ అవసరమవుతాయి. ఇంటి వెలుపల ఆత్మరక్షణకై చేతితుపాకీ ధరించడం రాజ్యాంగబద్ధమైన హక్కు అని 2022లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

చరిత్ర

ఈ ప్రశ్న పిస్తోళ్ళ కంటె పాతది. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ఆరు తూటాలు పట్టేవి. కాని దించిన సుత్తి నేరుగా తూటా వెనుక ఆనుకొని ఉండేది కనుక, రివాల్వర్ జారిపడితే పేలే ప్రమాదం ఉండేది. అందువలన జాగ్రత్తపరులు ఐదు తూటాలే నింపి, సుత్తి కింది గదిని ఖాళీగా ఉంచేవారు. ఈ లోపాన్ని నివారించే ఏర్పాటుతో రూగర్ సంస్థ 1973లో తన సింగిల్ యాక్షన్ రివాల్వర్లను కొత్తగా రూపొందించింది.

1911లో అమెరికా సైన్యం జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 పిస్తోలును స్వీకరించింది. దీనిని సుత్తి ఎక్కుపెట్టి, సేఫ్టీ వేసి కూడా ధరించవచ్చు. అయినప్పటికీ, వెంటనే వాడవలసిన అవసరం కనబడనప్పుడు చాంబర్‌ను ఖాళీగా ఉంచడమే సైన్యంలో పద్ధతిగా ఉండేది.

ధారణ స్థితులు

ఆరిజోనాలో 1976లో తుపాకీ శిక్షణాలయాన్ని స్థాపించిన జెఫ్ కూపర్ (1920–2006) ప్రచారంలోకి తెచ్చిన వర్గీకరణ ఇది:

* సున్నా స్థితి: చాంబర్‌లో తూటా ఉండి, సుత్తి ఎక్కుపెట్టి, సేఫ్టీ తీసి ఉంటుంది.
* మొదటి స్థితి: పై విధంగానే ఉండి, సేఫ్టీ వేసి ఉంటుంది.
* రెండవ స్థితి: చాంబర్‌లో తూటా ఉండి, సుత్తి దించి ఉంటుంది.
* మూడవ స్థితి: చాంబర్ ఖాళీ, మ్యాగజైన్ నిండుగా ఉంటుంది.
* నాల్గవ స్థితి: చాంబర్ ఖాళీ, మ్యాగజైన్ కూడా ఉండదు.

1911 నమూనా పిస్తోలుకు కూపర్ మొదటి స్థితిని సమర్థించాడు. అందులో రెండవ స్థితికి రావాలంటే, నిండిన చాంబర్‌పై ట్రిగ్గర్ నొక్కుతూ సుత్తిని బొటనవ్రేలితో మెల్లగా దించాలి. వ్రేలు జారితే పిస్తోలు పేలుతుంది. మూడవ స్థితిలో ధరించి, తీస్తూనే స్లైడ్ లాగే పద్ధతికి ఇజ్రాయెలీ పద్ధతి అని పేరు.

నింపి ఉంచాలనే వాదన

దాడి జరిగే వేళ రెండవ చేయి ఖాళీగా ఉండకపోవచ్చు. బిడ్డను ఎత్తుకొని ఉండవచ్చు, గాయపడి ఉండవచ్చు, లేదా దుండగుని అడ్డుకొంటూ ఉండవచ్చు. కంగారులో స్లైడ్‌ను పూర్తిగా లాగకపోతే తూటా ఇరుక్కుపోతుంది. సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, కత్తి పట్టిన మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటగలడు. ఇంత తక్కువ వ్యవధిలో అదనపు పని ఏదైనా భారమే.

ఖాళీగా ఉంచాలనే వాదన

దాడి అరుదు, తుపాకీని పెట్టుకోవడం, తీయడం నిత్యకృత్యం. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో, ఒక దుకాణంలో రెండేళ్ళ బాలుడు తల్లి చేతిసంచిలోని పిస్తోలును అందుకోగా, అది పేలి ఆమె మరణించింది. ఆ సంచి తుపాకీ కొరకు ప్రత్యేకమైన అరతో తయారైనదే. స్లైడ్ లాగే బలం అంత చిన్న పిల్లలకు సాధారణంగా ఉండదు. కాబట్టి ఖాళీ చాంబర్ ధరించినవారికే కాక, చుట్టూ ఉన్నవారికి కూడా రక్షణ అని ఈ పక్షంవారు అంటారు.

ఆయుధ నిర్మాణం

సమాధానం చాలావరకు పిస్తోలు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. 1929లో వచ్చిన వాల్తర్ పీపీ వంటి డబుల్ యాక్షన్ పిస్తోళ్ళలో మొదటి గుండుకు ట్రిగ్గర్‌ను దూరంగా, బలంగా లాగవలసి ఉంటుంది. ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంపిక చేసిన గ్లాక్ 17లో విడిగా మీట వంటి సేఫ్టీ లేదు. ట్రిగ్గర్ నొక్కనిదే పేలకుండా లోపలి ఏర్పాట్లు ఉన్నాయి. అవి కింద పడినపుడు కాపాడతాయి కాని, ట్రిగ్గర్‌పై పడిన వ్రేలిని గాని, చొక్కా కొసను గాని గుర్తించలేవు. కొత్త నమూనాలు కూడా లోపరహితం కావు. కొన్ని కోణాలలో కింద పడితే పేలవచ్చునని తేలడంతో, 2017లో సిగ్ సావర్ సంస్థ పీ320 పిస్తోళ్ళను ఉచితంగా మార్చి ఇవ్వడం మొదలుపెట్టింది.

జాగ్రత్తలు

నింపి ధరించేవారికి ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర తప్పనిసరి. తుపాకీని సంచిలో కాక శరీరానికే తగిలించుకొనడం మేలు. ఖాళీగా ధరించేవారు స్లైడ్ లాగడాన్ని విడువక సాధన చేయాలి. మ్యాగజైన్ తీసినంత మాత్రాన చాంబర్‌లోని తూటా బయటకు రాదు. ఈ సంగతి మరచినందువలన ప్రాణాలు పోయాయి. ఏ పద్ధతి అనుసరించినా, చేతిలోని ప్రతి తుపాకీ నిండి ఉన్నదనే భావించాలి.