అట్లాంటిస్ కథ విన్న సిరక్యూస్ సేనాని

అట్లాంటిస్ గురించి మనకున్న మూలాధారాలు రెండే: ప్లేటో రాసిన 'తిమాయస్', 'క్రిటియాస్' సంభాషణలు. ఆయనకు ముందటి గ్రీకు రచనల్లో, మనకు దక్కినంతలో, ఈ మునిగిపోయిన ద్వీపం ఊసే లేదు. కనుక ద్వీపం కోసం సముద్రాలు గాలించే ముందు, ఆ కథను ఎవరు, ఎవరి ఎదుట, ఎందుకు చెప్పారో చూడాలి.

ఆదర్శ నగరం ఎలా ఉండాలో సోక్రటీస్ ముందురోజే వివరించాడు. ఆ నగరం యుద్ధానికి దిగితే ఎలా నడుచుకుంటుందో వినాలని ఉందంటాడు. దానికి బదులుగా క్రిటియాస్ తన తాత నోట విన్న కథ ఎత్తుకుంటాడు: దండెత్తి వచ్చిన అట్లాంటిస్‌ను ప్రాచీన ఏథెన్స్ ఓడించిందట. ఈజిప్టులోని సాయిస్ పూజారులు ఏథెన్స్ శాసనకర్త సోలోన్‌కు చెప్పిందట, 9,000 ఏళ్ల నాటిదట. ఇది కల్పన కాదు, జరిగిన కథ కావడం గొప్ప విషయమని సోక్రటీస్ కూడా మెచ్చుకుంటాడు. దీన్ని చరిత్రగా నమ్మేవారు పట్టుకునేది ఈ మాటనే. కానీ అడిగినదానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే చరిత్ర మర్నాడే దొరకడం నాకు ప్లేటో కథన శిల్పంగానే కనిపిస్తుంది.

అట్లాంటిస్ వర్ణన చూడండి. నడిమి దీవి చుట్టూ మూడు నీటి వలయాలు, రెండు నేల వలయాలు. సముద్రం నుంచి లోపలికి 50 స్టేడియాల కాలువ, అంటే సుమారు 9 కిలోమీటర్లు; వెడల్పు 300 అడుగులు, లోతు 100 అడుగులు. తెలుపు, నలుపు, ఎరుపు రాళ్లను నేల అడుగు నుంచి తవ్వి తీసి, ఆ గుంతలనే ఓడలు నిలిపే చోట్లుగా మలిచారు. పైకప్పు సహజమైన బండే. రేవులో రాత్రీ పగలూ వర్తకుల సందడే. ఇది చదివిన ఏథెన్స్ పౌరుడికి తన పిరేయస్ రేవు గుర్తుకు రాకుండా ఉంటుందా? దీనికి ఎదురు నిలిపిన ప్రాచీన ఏథెన్స్‌కు మాత్రం ప్లేటో రేవునూ ఇవ్వలేదు, నౌకాదళాన్నీ ఇవ్వలేదు. సొంత ఆస్తి ఎరుగని సుమారు 20,000 మంది యోధులను ఇచ్చాడు. ఈ రెండు నగరాలూ ఏథెన్స్ రూపాలేనని ఫ్రెంచి చరిత్రకారుడు పియేర్ విడాల్-నాకే వాదించాడు. ఒకటి ఉండాల్సిన ఏథెన్స్, రెండోది సముద్రాధిపత్యం రుచి మరిగిన ఏథెన్స్. ఈ వాదనే నాకు సమ్మతం.

నన్ను ఎక్కువగా ఒప్పించిన సాక్షి శ్రోతల్లోనే ఉన్నాడు. అతడు సిసిలీ దీవిలోని సిరక్యూస్ నగర సేనాని హెర్మోక్రటీస్. క్రీ.పూ. 415లో ఏథెన్స్ భారీ నౌకాదళంతో సిసిలీ మీదికి దండెత్తింది. క్రీ.పూ. 413 నాటికి ఆ సేన తుడిచిపెట్టుకుపోయింది. ప్రతిఘటన నడిపిన వారిలో ముఖ్యుడు ఇతడే. సంపన్న సముద్ర సామ్రాజ్యం పరాయి నేల మీదికి వచ్చి ఓడిన వైనాన్ని, ఏథెన్స్ ఘనతగా, ఒక ఏథెన్స్ పౌరుడు ఇతని ముందు చెబుతున్నాడు! ప్లేటో పాఠకులకు ఈ ఎత్తిపొడుపు అందకుండా ఉండదు.

ఏజియన్ సముద్రంలోని థేరా దీవిలో జరిగిన అగ్నిపర్వత విస్ఫోటనమే కథకు మూలమనే వాదం ఉంది. 1967 నుంచి అక్కడ తవ్విన అక్రోతిరి పట్టణం అమూల్యమైనదే. అయితే థేరాను అట్లాంటిస్ అనాలంటే కాలాన్ని కుదించాలి, ద్వీపాన్ని చిన్నది చేయాలి, ప్లేటో హెరాక్లీస్ స్తంభాల (జిబ్రాల్టర్ జలసంధి) అవతల పెట్టినదాన్ని ఇవతలికి లాగాలి. ఇన్ని సవరించాక మిగిలేది ప్లేటో కథ కాదు. మునకకు నమూనా కావాలంటే, ఆయన జీవితకాలంలోనే, క్రీ.పూ. 373లో, భూకంపం వచ్చి సముద్రం మింగేసిన గ్రీకు నగరం హెలికే ఉంది.

'క్రిటియాస్' అసంపూర్ణం. దారి తప్పిన అట్లాంటిస్ వాసులను శిక్షించదలచి జ్యూస్ దేవతలను సమావేశపరుస్తాడు. మాట్లాడబోతాడు. వాక్యం అక్కడే తెగిపోతుంది. క్రిటియాస్ తర్వాతి వంతు హెర్మోక్రటీస్‌ది. మనకు లభించిన ప్లేటో రచనల్లో ఆ సంభాషణ లేదు.