మాంత్రికుడు, చిల్లంగి, ఓ చైనా దెయ్యం

మొన్న శనివారం రాత్రి 'ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ' అనే హాంకాంగ్ సినిమా చూశాను. 1987లో వచ్చింది. చింగ్ సియూ తుంగ్ దర్శకుడు, త్సుయ్ హార్క్ నిర్మాత. దెయ్యం సినిమా కదా, కాస్త భయపడదామని లైట్లార్పుకుని కూర్చుంటే, చివరికొచ్చేసరికి ఆ దెయ్యం పిల్ల మీద జాలేసింది. మన పాత జానపద సినిమాలు బోలెడు చూశాను గానీ, వాటిల్లో దెయ్యం మీద గానీ మంత్రగాడి మీద గానీ జాలిపడ్డ గుర్తు లేదు. ఎందుకా అని ఆలోచిస్తే, ఆ ఆలోచన తిరిగి తిరిగి మా విజయనగరం వచ్చి ఆగింది.

ముందు చైనా సంగతి. ఆ సినిమాకి మూలం పూ సోంగ్‌లింగ్ (1640-1715) రాసిన 'ల్యావ్‌జాయ్' కథల్లో ఉంది. ఉద్యోగప్పరీక్షలు రాసీ రాసీ తప్పిన మేష్టారాయన. దెయ్యాలవీ, నక్కలవీ కథలు దాదాపు ఐదొందలు పోగేశాడు. పుస్తకం అచ్చయింది ఆయన పోయాక, 1766లో. అందులో న్యే షావ్‌చియెన్ అనే అమ్మాయి పద్దెనిమిదేళ్ళకే చనిపోతుంది. ఓ పాడుపడ్డ గుడి దగ్గర పాతిపెడతారు. అక్కడుండే యక్షుడు ఆమెని పట్టుకుని, దారిన పోయే మగవాళ్ళని మభ్యపెట్టి చంపే పని అప్పజెప్తాడు. (చైనావాళ్ళు 'యేచా' అంటారు. బౌద్ధంతో పాటు మన దేశం నించే వెళ్ళిన మాట.) నింగ్ అనే కుర్రాడు ఆమె ఎముకలు తవ్వి తెచ్చి తనింటి దగ్గర పాతిపెట్టి, ఆ చెర విడిపిస్తాడు. కథలో ఆమె మెల్లిగా మనిషై అతన్ని పెళ్ళాడుతుంది. సినిమాలో యక్షుడు కాస్తా చెట్టు దెయ్యమయ్యాడు, పెళ్ళి కాస్తా ఎడబాటయింది. అయితేనేం, అసలు సంగతి మారలేదు. చంపేది దెయ్యమే, చంపించేవాడు వేరే ఉన్నాడు. కథ ఆ దెయ్యం గోడు కూడా వింటుంది.

ఇక మన దగ్గరికొద్దాం. మనకీ ఇలాంటి గని ఒకటుంది. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు', పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి పోతూ మజిలీకో వింత కథ చెప్తుంటే, తోడొచ్చిన గొల్లకుర్రాడు వింటూంటాడు. కె.వి.రెడ్డి తీసిన 'పాతాళభైరవి' (1951) ఆ చెట్టుకి కాసిన కాయే.

దీన్ని మా వైపు వాళ్ళు మా సినిమా అని ఎందుకు చెప్పుకోరో నాకర్థం కాదు :) మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు పుట్టింది రాజాంలో (అప్పుడు శ్రీకాకుళం జిల్లా అనేవాళ్ళం, 2022 నించి విజయనగరం జిల్లా). సంగీతం ఘంటసాల. ఆయన విజయనగరం వీధుల్లో మధూకరం ఎత్తుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. నేపాళ మాంత్రికుడు ఎస్.వి.రంగారావైతే, సినిమాల్లోకి రాకముందు బందరులోనూ, విజయనగరంలోనూ ఫైరాఫీసరు! మంటలార్పే ఉద్యోగం చేసినాయన వచ్చి హోమగుండం ముందు కూర్చున్నాడన్నమాట.

ఆ మాంత్రికుడు ఎంత దర్జాగా ఉంటాడో చూడండి. ఆ గడ్డం, ఆ అంగీ, 'డింభకా' అనే ఆ పిలుపు. సాహసవంతుడైన కుర్రాణ్ణి బలిచ్చి పాతాళభైరవిని వశం చేసుకోవాలని అతని ఎత్తు. రంగారావుకి అప్పటికి ముప్పైమూడేళ్ళు కూడా నిండలేదంటే నమ్మలేం. ఎప్పుడు చూసినా చప్పట్లు కొడతాను. కానీ దాంతోపాటు మన బుర్రల్లో ఓ బొమ్మ అచ్చుపడిపోయింది. మంత్రాలు చేసేవాడు బలవంతుడు, దుర్మార్గుడు. వాడు చస్తే కథ సుఖాంతం.

మా ఊళ్ళల్లో సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మిగతా చోట్ల చేతబడి అనీ, తెలంగాణాలో బాణామతి అనీ అనేదాన్ని మా వైపు చిల్లంగి అంటారు. చిల్లంగి పెట్టారని నింద పడ్డవాళ్ళలో రంగారావు లాంటివాడు ఒక్కడూ కనపడడు. ఒంటరి ముసలమ్మలు, దిక్కులేని కూలీలు, అంతే. ఎవరికో జ్వరం తగ్గదు, ఎవరిదో ఆవు చస్తుంది, తప్పు ఎవరో ఒకరి మీద పడాలి. ఏజెన్సీ పల్లెల్లో ఆ అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్తలు జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తూంటాయి. సినిమా చూసి ఎవడూ చంపడు, ఒప్పుకుంటాను. 'పాతాళభైరవి' కంటే చిల్లంగి చాలా పాతది. కానీ కథలంటే మనకంత ఇష్టం కదా, నింద పడ్డవాళ్ళ వైపు నించి ఒక్క కథైనా గుర్తుంచుకోవద్దా?

అలాంటి కథ మనకి లేదా అంటే, ఉంది. 'కీలుగుర్రం' (1949) చూడండి. రాజుగారు తెచ్చుకున్న రెండో భార్య రాక్షసి. రాత్రిళ్ళు ఏనుగుల్నీ గుర్రాల్నీ తినేసి, నెపం పెద్దరాణి మీదకి తోస్తుంది. రాజు వెనకా ముందూ చూడకుండా, కడుపుతో ఉన్న రాణిని అడవికి తీసుకెళ్ళి చంపెయ్యమంటాడు. ఇది రాసింది తాపీ ధర్మారావు. శ్రీకాకుళంలో, విజయనగరంలో చదువుకున్నవాడు, గిడుగు రామమూర్తి శిష్యుడు, హేతువాది. సంగీతం మళ్ళీ ఘంటసాలే. అయితే మనం గుర్తుపెట్టుకున్నది ఎగిరే గుర్రాన్నీ, అంజలీదేవి రాక్షసినీ. నింద మోసిన రాణి పేరు ఎవర్నడిగినా తడుముకుంటారు.

అంతకి నలభై ఏళ్ళ ముందే, ఇదే విజయనగరంలో గురజాడ దీన్ని నవ్వులాటగా చెప్పేశాడు. 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు కట్టుకున్న పెళ్ళికూతురు ఆడవేషం వేసుకున్న మగపిల్లాడు. వాడు కాస్తా పారిపోతే, పూజారి గవరయ్య వచ్చి, అది మనిషే కాదు, కామినీ పిశాచి, సీసాలో బిగించేశానంటాడు. ఎదురుగా లేని మనిషి మీద దెయ్యమని ముద్ర కొట్టడం ఎంత తేలికో అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? మనం నవ్వేసి ఊరుకున్నాం.

నా చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకి అమ్మమ్మ వాళ్ళూరు వెళ్ళేవాళ్ళం. వీధి చివర, చెరువుకెళ్ళే దారిలో ఓ ముసలావిడ ఒక్కర్తీ ఉండేది. "ఒరే గుంటడా, ఆ గుమ్మంకాసి ఎల్లకు, చిల్లంగి ఎట్టెస్తాది" అనేది అమ్మమ్మ. ఆ గుమ్మం రాగానే ఊపిరి బిగపట్టి పరిగెత్తేవాళ్ళం. ఓసారి పందెం వేసుకుని నేను ఆ తలుపు మీదకి రాయి కూడా విసిరాను. ఆవిడ బయటికొచ్చి మమ్మల్ని చూసింది. ఏమీ అనలేదు. రాయి తీసి పక్కన పడేసి లోపలికెళ్ళిపోయింది.

శనివారం సినిమా అయిపోయాక ఇంటికి ఫోన్ చేసి, ఆవిడ పేరేంటని అమ్మనడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. గుర్తు రాలేదు. "అందరం చిల్లంగిది అనే అనేవాళ్ళంరా" అంది.