వంటింటి నుండి ప్రయోగశాలకు: సెంట్రిఫ్యూజ్ కథ

పెరుగు చిలికి వెన్న తీయుట మన గృహిణులకు క్రొత్త విద్య కాదు. కవ్వమునకు చుట్టిన త్రాటిని ఇటు నటు లాగుచుండగా వెన్న ముద్దగట్టి పైకి తేలును. అయితే చిలుకుట వేరు, గిరగిర త్రిప్పి వేరుచేయుట వేరు. పాత్రనే వేగముగా త్రిప్పినచో బరువైన పదార్థము అంచునకు పోవును. తేలికైనది నడుమ నిలుచును. ఈ సూత్రముపై పనిచేయు యంత్రమునకే సెంట్రిఫ్యూజ్ అని పేరు. దాని చరిత్ర పాలతో ఆరంభమై, రక్తమును చేరి, తుదకు వంటసామానులోనికే తిరిగివచ్చినది.

పూర్వము మీగడ కావలెనన్నచో పాలను గంటలకొలది కదల్చక ఉంచవలసి యుండెడిది. 1878లో స్వీడను దేశపు గుస్టాఫ్ డి లవాల్, పాలు ఎడతెగక పారుచుండగనే మీగడను వేరుచేయు యంత్రమును నిర్మించెను. చేతితో త్రిప్పు చిన్న యంత్రములు త్వరలోనే పాడి రైతుల ఇండ్లకు చేరినవి. 1890 ప్రాంతమున అదే దేశమున హేడిన్ అను శాస్త్రజ్ఞుడు ఈ సూత్రమునే రక్తపరీక్షకు వినియోగించెను. సన్నని గాజుగొట్టములో రక్తము నింపి త్రిప్పగా ఎర్రకణములు అడుగునకు దిగును. లేతపసుపు రంగు ప్లాస్మా పైన నిలుచును. గొట్టములో ఎర్రని భాగ మెంతయో కొలిచినచో రోగికి రక్తహీనత కలదో లేదో తెలియును. 1924 నాటికి స్వెడ్‌బర్గ్ మహావేగముతో తిరుగు అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌ను సిద్ధపరచెను. 1926లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

యంత్రము పెరిగినకొలది దానికి విద్యుచ్ఛక్తి అవసరమైనది, వెల పెరిగినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మను ప్రకాశ్ 2013లో ఉగాండాకు వెళ్ళినపుడు, ఒక వైద్యశాలలో కరెంటు లేక సెంట్రిఫ్యూజ్‌ను తలుపునకు అడ్డుగా పెట్టి యుండుట చూచెను. అట్టి చోట యంత్రము ఉన్నను లేనట్లే.

ఈ లోటు తీర్చుటకు కొందరు ఇంటి వస్తువులనే ఆశ్రయించిరి. 2008లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందము గ్రుడ్లను గిలకొట్టు చేతిపరికరమునకు సన్నని ప్లాస్టిక్ గొట్టమును అంటించి రక్తము నుండి ప్లాస్మాను వేరుచేసెను. 2010లో రైస్ విశ్వవిద్యాలయమున ఇద్దరు విద్యార్థినులు కడిగిన ఆకుకూరల తడి విదల్చు ప్లాస్టిక్ గిన్నెను తీసికొనిరి. దాని మూతను నొక్కుచుండగా లోని బుట్ట తిరుగును. దువ్వెన ముక్కలు, పెరుగు డబ్బాలు, ప్లాస్టిక్ మూతలు, వేడి జిగురు చేర్చి, ముప్పది గొట్టములను ఒకేసారి త్రిప్పు పరికరమును తయారుచేసిరి. అది నిమిషమునకు సుమారు 950 చుట్లు తిరుగును. వేగము స్వల్పమే, కావున ఇరువది నిమిషములు ఓపికతో నొక్కవలెను. ఖర్చు సుమారు 30 డాలర్లు.

మన పిల్లలు సోడామూతను చదునుచేసి, రెండు బెజ్జములు పొడిచి, దారము గ్రుచ్చి రయ్యిమని త్రిప్పుట అందరు నెరిగినదే. మను ప్రకాశ్ బృందము ఇట్టి ఆటవస్తువును గణితముతో పరిశీలించి, 2017లో కాగితపు సెంట్రిఫ్యూజ్‌ను ప్రకటించెను. వెల 20 సెంట్లు. నిమిషమునకు 1,25,000 చుట్ల వేగము దానికి సాధ్యమైనది. ఒకటిన్నర నిమిషములో రక్తము నుండి ప్లాస్మా వేరుపడినది.

ఇట్టి పరికరములు సులభముగా కనిపించినను వాని వెనుక గల బలము సామాన్యమైనది కాదు. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లగును. కేంద్రము నుండి పది సెంటీమీటర్ల దూరమున గల వస్తువు నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు దానిపై బలము దాని బరువునకు సుమారు వేయిరెట్లుండును. ఎదురెదురు గొట్టముల మధ్య ఒక్క గ్రాము తేడా యున్నను అది ఇరుసును ఒక కిలో బరువు వలె ఒకవైపునకు లాగును. కనుక గొట్టములను సరితూకముగా, ఎదురెదురుగా అమర్చవలెను. పగిలిన ముక్క ఎగిరి కంటిని తాకకుండ గట్టి మూత ఉండవలెను. చేతిపని మోటారుకు గొట్టములు బిగించి త్రిప్పవలె ననుకొను ఉత్సాహవంతులు ఈ మాట మరువరాదు. మానవ రక్తముతో చేయు పని శిక్షణ పొందినవారిదే.

రక్తమును వేరుచేసినంత మాత్రమున రోగనిర్ణయము పూర్తి కాదు. చూచి చెప్పగల వ్యక్తి ఉండవలెను. అయినను నమూనా పట్టణమునకు పోయి ఫలితము తిరిగి వచ్చునంతవరకు వేచియుండుటకును, గర్భిణి ఎదుటనే అరగంటలో ఆమె రక్తహీనతను గుర్తించుటకును గల అంతరము చిన్నది కాదు. ఆ గంటలను మిగుల్చుటయే ఈ చేతి చక్రముల ప్రయోజనము.