డీహెచ్ఐఎస్ 2

డీహెచ్ఐఎస్ 2 (జిల్లా ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్, రెండో తరం) ఆరోగ్య కేంద్రాల నుంచి నెలనెలా వచ్చే లెక్కలను ఒకచోట చేర్చి, సరిచూసి, పట్టికలుగా, గ్రాఫులుగా, పటాలుగా చూపే సాఫ్ట్‌వేర్. దీని మూలసంకేతం అందరికీ ఉచితం. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం దీని అభివృద్ధికి కేంద్రం. హిస్ప్ (ఆరోగ్య సమాచార వ్యవస్థల కార్యక్రమం) అనే అంతర్జాతీయ బృందం వివిధ దేశాల్లో దీన్ని నెలకొల్పి, సిబ్బందికి శిక్షణ ఇస్తుంది. ముఖ్యంగా ఆఫ్రికా, ఆసియా ఖండాల్లో, మొత్తం 70కి పైగా దేశాల్లో ఇది వాడుకలో ఉంది.

పుట్టుక

వర్ణవివక్ష పాలన ముగిసేనాటికి దక్షిణాఫ్రికాలో 14 ఆరోగ్య శాఖలు ఉండేవి. పది బంటూస్తాన్లకు (నల్లజాతీయులకు విడిగా కేటాయించిన ప్రాంతాలు) పది, శ్వేతజాతీయులకు, మిశ్రమజాతి వారికి, భారత సంతతి వారికి ఒక్కొక్కటి, వీటికి తోడు ఒక సాధారణ శాఖ. ఒక శాఖ పెట్టిన పద్దు మరో శాఖ పద్దుతో కలిసేది కాదు. ఒక జిల్లాలో ఎందరు పిల్లలకు టీకాలు పడ్డాయన్న మామూలు ప్రశ్నకే జవాబు దొరకని స్థితి అది. 1994 ఎన్నికల తర్వాత జిల్లాను ప్రాతిపదికగా చేసుకుని ఆరోగ్య వ్యవస్థను తిరిగి కట్టాలనుకున్నప్పుడు, నార్వే పరిశోధకుడు యోర్న్ బ్రా, కాలె హెడ్‌బర్గ్ తదితరులు స్థానిక ప్రజారోగ్య కార్యకర్తలతో, వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయంతో కలిసి ఈ పని చేపట్టారు.

ఆరంభ సంవత్సరంపై ఏకాభిప్రాయం లేదు. 1994 అని కొన్ని రచనలు చెబుతాయి. కేప్‌టౌన్ ప్రాంతంలో మూడు జిల్లాల ప్రయోగం మొదలైన 1996ను మరికొన్ని గుర్తిస్తాయి. మొదటి తేదీ ఆలోచనకు, చర్చలకు చెందినది. సాఫ్ట్‌వేర్ చరిత్ర వరకు రెండోదే ఎక్కువ సమంజసంగా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీద నడిచే తొలి రూపం 1990ల చివర్లో వచ్చింది. 2001 నాటికి దక్షిణాఫ్రికా దాన్ని దేశవ్యాప్త ప్రమాణంగా స్వీకరించింది.

ఆ తొలి ప్రయోగం సాఫ్ట్‌వేర్‌ను మించినది. ఏ కేంద్రమైనా తప్పక పంపవలసిన అంశాల చిట్టాను కుదించి, దానికే ‘కనీస డేటా సమితి’ అని పేరు పెట్టారు. పైస్థాయి అడిగిన అంశాలను కింది స్థాయి తీసివేయడానికి వీల్లేదు. తమకు కావలసినవి మాత్రం ఎన్నయినా చేర్చుకోవచ్చు. లెక్క రాసిన చోటే ముందు దాన్ని వాడుకోవాలి, పైకి పంపడం ఆ తర్వాతి మాట అన్నది దీని వెనుక సూత్రం. డీహెచ్ఐఎస్‌ను ఇతర నివేదికా వ్యవస్థల నుంచి వేరుచేసేది ఇదే. దీన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే తెచ్చుకున్న చోట ఫలితాలు పలచబడ్డాయి.

కుప్పం, కేరళ

భారతదేశంలో హిస్ప్ అడుగుపెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. 2000 ప్రాంతంలో చిత్తూరు జిల్లా కుప్పంలో, అంటే అప్పటి ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రయోగం ప్రారంభమైంది. ఏఎన్ఎంలు (గ్రామస్థాయి ఆరోగ్య కార్యకర్తలు) ఒకే గర్భిణి వివరాన్ని పలు రిజిస్టర్లలో మళ్లీ మళ్లీ రాయవలసి వచ్చేది. ఆ లెక్కలు పైకి వెళ్లడమే తప్ప తిరిగి వారి చేతికి వచ్చేవి కావు. కంప్యూటరు పెట్టేముందు ఆ రిజిస్టర్లనే క్రమబద్ధం చేయాలన్నది అక్కడ తేలిన విషయం. అదే కాలంలో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి వివరాలను పేరుపేరునా నమోదు చేసే మరో వ్యవస్థను కూడా ప్రయత్నించింది. ఒకటి మొత్తాలను, మరొకటి వ్యక్తులను లెక్కించేది. రెండింటికీ డేటా ఇచ్చేది మాత్రం అదే ఏఎన్ఎం. 2004లో ప్రభుత్వం మారింది. కుప్పం ప్రయోగం రాష్ట్రమంతటా పాదుకోలేదు. అయినా భారత బృందం అనుభవం గడించింది ఇక్కడే కనుక దీన్ని విఫలయత్నమని తోసిపుచ్చడం సరికాదు.

రెండో తరం సాఫ్ట్‌వేర్ నిర్మాణం 2004-05లో మొదలైంది. తొలిసారి వాడుకలోకి వచ్చింది 2006 జనవరిలో, కేరళలో. మైక్రోసాఫ్ట్ లైసెన్సులపై ఆధారపడిన పాత రూపం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రోత్సహించే ఆ రాష్ట్ర విధానానికి పొసగలేదు. జావాలో, బ్రౌజరులో నడిచేలా తిరగరాయడానికి ఉన్న కారణాల్లో అదొకటి. తర్వాతి కాలంలో మరికొన్ని భారత రాష్ట్రాలు దీన్ని వాడాయి. జాతీయ స్థాయిలో మాత్రం కేంద్ర ఆరోగ్యశాఖ 2008లో తన సొంత హెచ్ఎంఐఎస్ (ఆరోగ్య నిర్వహణ సమాచార వ్యవస్థ) పోర్టల్‌ను ప్రారంభించింది.

పనితీరు

ప్రతి అంకెకూ మూడు గుర్తులు ఉంటాయి: ఏ అంశం, ఏ కేంద్రం, ఏ కాలం. ‘పెంటావాలెంట్ మూడో డోసు, ఫలానా ఉపకేంద్రం, ఫలానా నెల’ అన్నట్లు. కేంద్రాల అంకెలు మండలానికి, జిల్లాకు, దేశానికి వాటంతటవే కూడతాయి. తప్పులు పట్టడానికి తర్క నియమాలు ఉంటాయి. మూడో డోసు తీసుకున్న పిల్లల సంఖ్య మొదటి డోసు సంఖ్యను మించినట్లు వస్తే వ్యవస్థ హెచ్చరిస్తుంది. మొదటి, మూడో డోసుల మధ్య తేడా మధ్యలో మానేసిన వారి శాతాన్ని చూపుతుంది. ఏ ఊళ్లకు మళ్లీ వెళ్లాలో వైద్యాధికారి నిర్ణయించడానికి అది చాలు. ‘ట్రాకర్’ అనే భాగం మొత్తాలతో పాటు ఒక్కో వ్యక్తినీ వరుస సందర్శనల్లో నమోదు చేస్తుంది.

విస్తరణ

సియెర్రా లియోన్ 2008 ప్రాంతంలో దీన్ని చేపట్టింది. అక్కడ చీఫ్‌డమ్‌లను (సంప్రదాయ నాయకుల కింది స్థానిక పాలనా ప్రాంతాలను) ర్యాంకులవారీగా పోల్చే పట్టికలు ప్రచురించడంతో స్థానిక నాయకులు సైతం అంకెలను పట్టించుకోసాగారు.

కెన్యా ఉదంతం విశేషమైనది. జిల్లాకొక కంప్యూటరులో విడివిడిగా సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నది తొలి ఆలోచన. కోస్ట్ ప్రావిన్సులో ప్రయోగించినప్పుడు మొబైల్ మోడెమ్‌తోనే ఇంటర్నెట్ సరిపోతుందని తేలింది. ఒకే కేంద్ర సర్వరుకు మారి, 2011లో దేశమంతటికీ విస్తరించారు. ఎక్కడ ఏ వెర్షన్ ఉందో వెతికి మరమ్మతు చేసే భారం తప్పింది. సబ్‌సహారా ఆఫ్రికాలో దేశవ్యాప్త ఆన్‌లైన్ వ్యవస్థకు దీన్నే తొలి ఉదాహరణగా సాధారణంగా పేర్కొంటారు. బంగ్లాదేశ్‌లోనూ పెద్ద ఎత్తున నడుస్తోంది. మొజాంబిక్‌లో తొలి ఏళ్లు ఒడిదుడుకులతో సాగాయి.

2020 ఆరంభంలో శ్రీలంక బృందం విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులపై కోవిడ్ నిఘాకు ట్రాకర్‌ను మలిచింది. ఆ నమూనాను తర్వాత అనేక దేశాలు స్వీకరించాయి.

నిధులు, విమర్శలు

నోరాడ్ (నార్వే అభివృద్ధి సహాయ సంస్థ), గ్లోబల్ ఫండ్, పెప్‌ఫార్ (అమెరికా ఎయిడ్స్ సహాయ కార్యక్రమం), గావి (టీకాల కూటమి), యూనిసెఫ్ తదితర సంస్థలు నిధులు సమకూర్చుతూ వచ్చాయి. ఒక్కో దాతకూ ఒక్కో వ్యాధి కార్యక్రమం ఉండడంతో, అన్నిటినీ కలపడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్‌నే ఒకే దేశంలో విడివిడి ప్రతులుగా నడిపిన సందర్భాలూ ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రుల లెక్కలు చాలాచోట్ల అందవు. ట్రాకర్‌లో పేర్లు, వ్యాధి వివరాలు నిల్వ ఉండడం గోప్యతా చట్టాలు బలహీనంగా ఉన్న దేశాల్లో ఆందోళన కలిగిస్తోంది.

అన్నిటికన్నా మొండి సమస్య హారానిది. టీకాలు వేసిన పిల్లల సంఖ్య కేంద్రానికి తెలుస్తుంది. వేయవలసిన పిల్లలెందరో జనగణన అంచనాల నుంచి రావాలి. గణన పాతబడి, వలసలు పెరిగిన జిల్లాల్లో శాతం నూరు దాటుతుంది. భారత్‌లో 2021లో జరగవలసిన గణన వాయిదా పడడంతో ఇక్కడి అంచనాలు చాలాకాలం 2011 అంకెల మీదే సాగాయి. తర్క నియమాలు ఇటువంటి తప్పును పట్టుకోలేవు. సర్వే ఫలితాలతో పోల్చి సరిచూడడమే ప్రస్తుతానికి అనుసరిస్తున్న మార్గం.