‘రన్’ అంటే పరుగొక్కటే కాదు

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు తొలి పాఠాల్లోనే ఎదురయ్యే క్రియాపదం ‘రన్’. పరుగెత్తడం అని అర్థం చెప్పి ఉపాధ్యాయులు తదుపరి పదానికి వెళతారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకులు మాత్రం ఈ పదాన్ని అంత తేలికగా దాటలేకపోయారు. కొత్త కూర్పు కోసం దీన్ని సవరించిన పీటర్ గిల్లివర్‌కు సుమారు తొమ్మిది నెలలు పట్టింది. క్రియగా దీనికి 645 అర్థాలు తేలాయి. 1989 నాటి రెండో కూర్పులో 430 అర్థాలతో అగ్రస్థానంలో నిలిచిన ‘సెట్’ దీంతో వెనుకబడింది.

ఈ పదంలో పరుగుతో పాటు ప్రవాహం కూడా ఇమిడి ఉంది. దీనికి జ్ఞాతి పదాలైన జర్మన్ క్రియల్లో ‘రెన్నెన్’ పరుగెత్తడాన్ని, ‘రిన్నెన్’ కారడాన్ని, పారడాన్ని సూచిస్తాయి. తెలుగువారికి ఇది వింతగా తోచనక్కర లేదు. మన ‘పారు’ అనే ధాతువు సైతం రెండు పనులూ చేస్తుంది: కాలువలో నీరు పారుతుంది, దొంగ పారిపోతాడు.

పోలిక అక్కడితో సరి. ఇంగ్లీషులో పరుగెత్తేవాటిలో చాలా భాగం తెలుగులో నింపాదిగా నడుస్తాయి. బస్సులు, బడులు, దుకాణాలు, చివరకు ప్రభుత్వాలు కూడా మనకు నడిచేవే. సినిమా మాత్రం నడవదు, ఆడుతుంది. ముక్కు కారుతుంది, జ్వరం కాస్తుంది, యంత్రం తిరుగుతుంది, ఉతికితే బట్ట రంగు దిగుతుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘రన్’ సరిపోతుంది. మాతృభాష ఒక్కో సందర్భానికి ఒక్కో క్రియను ఇచ్చినప్పుడు, ఒకే అర్థం బట్టీపట్టిన విద్యార్థి తడబడటం సహజమే.

ఎన్నికల విషయంలో ఇంగ్లీషు వారిలోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో అభ్యర్థి పదవికి ‘రన్’ చేస్తాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. ‘ఎన్నికల్లో నిలబడ్డారు’ అనే తెలుగు వాడుక ఇక్కడ బ్రిటిష్ పద్ధతికి దగ్గరగా ఉంది. అమెరికాలో ఉపాధ్యక్ష అభ్యర్థిని ‘రన్నింగ్ మేట్’ అంటారు. 2024 జులైలో డొనాల్డ్ ట్రంప్ ఆ స్థానానికి జేడీ వాన్స్‌ను ఎంపిక చేశారు. ఆయన భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉండటంతో ఆ వార్తను తెలుగు పాఠకులు ఆసక్తిగా చదివారు.

క్రికెట్‌లో ‘రన్’ను పరుగు అని అనువదించడంలో ఏ చిక్కూ లేదు. అయినా బంతి బౌండరీ దాటితే బ్యాటర్ కదలకుండానే నాలుగు పరుగులు జమవుతాయి. ‘రనౌట్’ మరో సంగతి. మైదానంలో అది వికెట్ పడటం. ఆస్పత్రి వార్తలో అదే మాట మందులు నిండుకున్నాయని చెబుతుంది.

పదాల వరుస మారినా అర్థం తారుమారవుతుంది. నది ‘రన్ డ్రై’ అయిందంటే ఎండిపోయినట్టు. ‘డ్రై రన్’ అంటే అసలు పనికి ముందు జరిపే నమూనా కసరత్తు. కొవిడ్ టీకాల పంపిణీకి 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో నాలుగు రాష్ట్రాల్లో జరిపినది ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు కృష్ణా జిల్లాను ఎంచుకున్నారు. ఆ రోజు కేంద్రాలకు వెళ్లినవారికి నిజమైన టీకా వేయలేదు. పేరును బట్టి ఆ సంగతి ఊహించడం కష్టమే.

అన్నింటికన్నా జాగ్రత్త అవసరమయ్యేది బ్యాంకు వార్తల్లో. బ్యాంకును ‘రన్’ చేయడం అంటే నిర్వహణ. బ్యాంకు ‘మీద రన్’ అంటే నమ్మకం సడలిన డిపాజిటర్లు ఒక్కుమ్మడిగా సొమ్ము వెనక్కి తీసుకోవడం. నడుమ ఉన్నది రెండక్షరాల ఇంగ్లీషు విభక్తి మాత్రమే. అది జారిపోతే మూసివేత అంచున ఉన్న బ్యాంకు చక్కగా నడుస్తున్నట్టు అచ్చవుతుంది. లేనిచోట చేరితే నిక్షేపంగా ఉన్న బ్యాంకు వద్ద జనం గుమిగూడవచ్చు. తెలుగులో ‘డిపాజిటర్లు సొమ్ము కోసం ఎగబడ్డారు’ అని విడమరచి రాయడమే మేలు. బ్రిటన్‌లో 2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ శాఖల ముందు బారులు తీరిన వారికి ఆ మాట అతికినట్టు సరిపోతుంది. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు ఉపసంహరించేందుకు ఖాతాదారులు ప్రయత్నించారు. వారిలో అత్యధికులు ఫోన్లు, కంప్యూటర్ల ముందు కూర్చునే ఆ పని చేశారు. మరునాడు నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకును మూసివేశాయి.